హాన్లే చీకట్లో అయిదంగుళాల అద్దం

‘‘ఢోలక్ హై క్యా?’’

శంషాబాద్ విమానాశ్రయంలో సామాన్లు తనిఖీ చేసే జవాను అడిగిన ప్రశ్న అది. అడగడూ మరి! రెండు దుప్పట్లూ ఒక చలికోటూ చుట్టి, నవారుతో బిగించి కట్టిన మా గొట్టాన్ని చూస్తే ఎవరికైనా డోలే గుర్తొస్తుంది. విప్పి చూపించాం. టెలిస్కోపు. ఆ తర్వాత చేతిసంచిలోంచి ఎర్రటి చిన్న డబ్బా ఒకటి బయటికి తీశాడు. అరచేతిలో ఇమిడిపోయేంత ఉంది. ‘‘మరి ఇదేమిటి?’’ అన్నాడు. ‘‘కెమెరా’’ అన్నాం. అటూ ఇటూ తిప్పి చూశాడు. లెన్సు లేదు, మీట లేదు, బొమ్మ కనిపించే తెరా లేదు. ‘‘ఏదీ, ఒక ఫొటో తీసి చూపించండి’’ అన్నాడు నమ్మకం కుదరక.

‘‘దీనికి చీకటి కావాలి సార్’’ అన్నాడు నా మిత్రుడు.

జవాను నవ్వేసి వదిలిపెట్టాడు. మావాడు మాత్రం సరదాకి అనలేదు. ఆ చీకటి కోసమే మేం హైదరాబాద్ వదిలి లద్దాఖ్‌లోని హాన్లేకు బయల్దేరాం. దీపావళి వెళ్లిన మర్నాడు. అమావాస్య ఘడియలు ఇంకా పూర్తిగా పోలేదు. చుక్కల కోసం వెళ్లేవాళ్లకి అంతకన్నా మంచి ముహూర్తం ఉండదు.

డాబా మీద మొదలు

మా మిత్రుడు బ్యాంకు ఉద్యోగి. వనస్థలిపురంలో సొంత డాబా. నాలుగేళ్ల క్రితం 130 మిల్లీమీటర్ల అద్దమున్న చిన్న టెలిస్కోపు కొన్నాడు. అంటే అయిదంగుళాల పైచిలుకు. గొట్టం అడుగున గుంటగా చెక్కిన అద్దం ఉంటుంది. ఆకాశంనుంచి వచ్చే వెలుతురు దాని మీద పడి వెనక్కి తిరిగి పైకొస్తుంది. దారిలో ఏటవాలుగా నిలబెట్టిన చిన్న అద్దం ఆ వెలుతురుని పక్కకి మళ్లిస్తుంది. అక్కడ కన్ను పెట్టి చూడాలి. న్యూటన్ 17వ శతాబ్దంలో చేసిన ఏర్పాటే ఇది. చీకట్లో మన కంటిపాప బాగా విచ్చుకుంటే 7 మిల్లీమీటర్లు ఉంటుంది. ఆ లెక్కన ఈ అద్దం కంటికన్నా 300 రెట్లకు పైగా వెలుతురు పోగుచేస్తుంది.

మరి అంత వెలుతురు పోగుచేసినా నీహారికలు బూడిదరంగు మసకలాగే కనిపిస్తాయి. తప్పు అద్దానిది కాదు, కంటిది. తక్కువ వెలుతురులో మన కంటికి రంగులు తెలియవు. పైగా కన్ను వెలుతురుని దాచుకోలేదు. చూసిందాన్ని క్షణంలోపే వదిలేసి కొత్తది చూస్తుంది. కెమెరా అలా కాదు. హుండీలో చిల్లర వేసినట్టు వెలుతురుని కూడబెడుతుంది. అందుకే మావాడు తన పాత డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాని టెలిస్కోపుకి తగిలించాడు. ఎంత తిప్పినా చుక్క చుక్కలా రాలేదు!

కారణం తెలుసుకోవడానికి చాలా రోజులు పట్టింది. ఇలాంటి చిన్న టెలిస్కోపులు చాలావరకూ కంటితో చూడ్డానికే తయారవుతాయి. బొమ్మ స్పష్టంగా ఏర్పడే చోటు గొట్టానికి పక్కన కొద్ది దూరంలోనే ఉంటుంది. డీఎస్‌ఎల్‌ఆర్‌లో సెన్సరేమో ముందుభాగం నుంచి నాలుగు సెంటీమీటర్లకు పైగా లోపల ఉంటుంది. మధ్యలో తగిలించే ఉంగరం మందం అదనం. ఫోకసర్‌ని చివరికంటా లోపలికి తిప్పినా సెన్సర్ ఆ చోటికి చేరదు. కొందరు లోపలి పెద్దద్దాన్ని ముందుకి జరుపుకుంటారు. కొందరు బార్లో లెన్సు పెట్టుకుంటారు. మావాడు చేసింది మూడోపని. ఖగోళ ఫొటోల కోసమే చేసిన ప్రత్యేక కెమెరా కొన్నాడు.

అదే ఆ ఎర్ర డబ్బా. దాని సెన్సర్ ముందుభాగానికి రెండు సెంటీమీటర్లలోపే ఉంటుంది. ఐపీస్ తీసేసి ఆ స్థానంలో దీన్ని దోపేయొచ్చు. మామూలు కెమెరాల్లో నీహారికల ఎర్రని వెలుతురుని చాలావరకూ ఆపేసే వడపోత పలక ఉంటుంది. ఇందులో అలాంటి పలక లేదు. బొమ్మ చూడాలంటే తీగతో ల్యాప్‌టాప్‌కి కలపాలి. సెన్సర్ వెడల్పు 11 మిల్లీమీటర్లు. చిటికెనవేలి గోరంత! వాళ్లావిడ మాత్రం ‘‘స్కూటరొచ్చేది ఆ డబ్బుకి’’ అని ఇప్పటికీ అంటుంది.

కొత్త కెమెరా వచ్చింది కదా అని సంబరపడితే మొదటి రాత్రి మళ్లీ అదే కథ. తెరమీద చుక్కలకి బదులు గారెలు! మధ్యలో చిల్లుతో సహా. ఆ చిల్లు చిన్నద్దం నీడ. ఫోకస్ కుదరనప్పుడు ప్రతి చుక్కా అలాగే కనిపిస్తుంది. మూడు వారాలు ఆ గారెలతోనే గడిచాయి. చివరికి చూస్తే టెలిస్కోపుతో వచ్చిన రెండు ఉంగరాల్నీ ఒకదానిమీద ఒకటి బిగించాడు. పెట్టాల్సింది ఒకటే. రెండోది తీసేయగానే గారెలు చిన్నవై, చిన్నవై, సూదిమొనల్లాంటి చుక్కలైపోయాయి.

చంద్రుడు బ్రహ్మాండంగా వచ్చాడు. ఈ అద్దానికీ ఈ సెన్సర్‌కీ కుదిరిన చట్రం ఒక డిగ్రీ వెడల్పు, అరడిగ్రీకి కాస్త ఎక్కువ ఎత్తు. అరడిగ్రీ చంద్రుడు అందులో సరిగ్గా పట్టాడు. ఇక నీహారిక మీదికి తిప్పితే... నారింజరంగు పులుసు! వీధి దీపాలూ హోర్డింగులూ కలిసి ఆకాశానికి పూసిన రంగది. దానికితోడు పక్కడాబా పిన్నిగారి హాలోజన్ దీపం. ‘‘కాసేపు ఆర్పుతారా పిన్నిగారూ’’ అని అడిగితే, ‘‘దొంగలొస్తే నీ దుర్భిణితో పట్టుకుంటావా నాయనా’’ అన్నారావిడ. మావాడు నీళ్లట్యాంకు నీడలోకి టెలిస్కోపు జరుపుకున్నాడు.

రంగాపూర్ దారిలో

చీకటి కోసం ఊరు దాటడం హైదరాబాద్‌కి కొత్తేమీ కాదు. 1901లో నవాబ్ జాఫర్ జంగ్ ఫిసల్‌బండలో మొదలుపెట్టిన నిజామియా వేధశాల తర్వాత బేగంపేటకు మారింది. అక్కడి 15 అంగుళాల టెలిస్కోపు ఎంతోకాలం పనిచేసింది. ఊరు పెరిగాక ఉస్మానియా విశ్వవిద్యాలయం వాళ్లు 1960లలో నగరానికి 50 కి.మీ. పైచిలుకు దూరంలో జపాల్-రంగాపూర్ వేధశాల కట్టుకున్నారు. 48 అంగుళాల అద్దమున్న టెలిస్కోపు పెట్టారు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు శాస్త్రవేత్తల చూపంతా రంగాపూర్ మీదే.

కిందటి శీతాకాలంలో ఒక రాత్రి మేం రంగాపూర్ వైపు వెళ్లాం. లోపలికి కాదు, అటుపక్క పొలంగట్టు దాకా. డాబా మీద కన్నా ఎన్నో చుక్కలు కనిపించాయి. కానీ వాయవ్యం వైపు తిరిగితే తెల్లవారుతోందా అన్నంత వెలుగు. అది హైదరాబాద్! చీకటి కోసం అంతదూరం వెళ్లిన వేధశాల వెనకాలే ఊరూ నడిచొచ్చింది.

నిజామియాలో పనిచేసిన ఒక ఉద్యోగి కొడుకే వేణు బప్పు. నిజాం కాలేజీలో చదివి, 1949లో హార్వర్డ్‌లో ఉండగా ఒక తోకచుక్కని కనిపెట్టాడు. దానికి బప్పు-బాక్-న్యూకర్క్ అని పేరు. ఆయన దేశానికి తిరిగొచ్చాక చీకటి కోసం వెతికి తమిళనాడులోని కావలూరు కొండల్ని ఎంచుకున్నాడు. ఆయన నడిపించిన భారత ఖగోళ భౌతిక సంస్థే, ఆయన పోయిన తర్వాత ఇంకా మంచి ఆకాశం వెతుక్కుంటూ హాన్లే దాకా వెళ్లింది. బేగంపేట, రంగాపూర్, కావలూరు, హాన్లే... వరసగా చూస్తే చీకటి మన నుంచి ఎలా దూరం జరిగిపోయిందో తెలుస్తుంది.

‘‘శాస్త్రవేత్తలు వెళ్లిన చోటికే మనమూ వెళ్దాం’’ అన్నాడు మావాడు. అయిదంగుళాల అద్దానికి అంత ప్రయాణమా అని నాకు అనుమానమే. ఆ అనుమానం తీర్చుకోవడానికే వెంట వెళ్లాను.

సింధు నది వెంట

లేహ్‌లో దిగగానే చేయాల్సిన మొదటి పని ఏమీ చేయకపోవడం. అక్కడి ఎత్తు 3,500 మీటర్లు. రెండ్రోజులు మెల్లగా నడుస్తూ, నీళ్లు తాగుతూ ఒంటిని అలవాటు పడనివ్వాలి. మూడోరోజు పొద్దున్నే జీపెక్కాం. దాదాపు 250 కిలోమీటర్ల దారి. ఉప్షీ దాటాక సింధు నది పక్కకొచ్చి చేరింది. ఇక లోమా వంతెన దాకా మమ్మల్ని వదల్లేదు. ఓసారి కుడివైపు లోయలో పచ్చగా, ఓసారి చక్రాల పక్కనే నురగలు కక్కుతూ. చుమథాంగ్ దగ్గర నది ఒడ్డునే వేడినీటి బుగ్గలు పొగలు కక్కుతున్నాయి. అక్కడ ఆగి టీ తాగాం. మావాడు మాత్రం దిగలేదు. వెనక సీట్లో టెలిస్కోపుని పసిపిల్లాడిలా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

న్యోమా దాటాక చెట్టన్నది కనిపించదు. గోధుమరంగు కొండలు, వాటి మీద మేఘాల నీడలు. మైదానంలో కియాంగ్‌లనే అడవి గాడిదలు గుంపుగా పరిగెత్తాయి. పష్మీనా మేకల్ని తోలుకుంటూ చాంగ్‌పా సంచార కాపరులు ఎదురయ్యారు. సాయంత్రం నాలుగింటికి దూరాన గుట్టమీద తెల్లటి హాన్లే బౌద్ధారామం కనిపించింది. 17వ శతాబ్దం నాటిది. దానికి కొద్ది దూరంలో మరో కొండ శిఖరాన, ఎండలో మెరుస్తూ వేధశాల గుమ్మటం!

కొండ మీద, 4,500 మీటర్ల ఎత్తున ఉన్నది హిమాలయన్ చంద్ర టెలిస్కోపు. సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు పెట్టారు. రెండు మీటర్ల అద్దం. 2000 సంవత్సరంలో తొలి వెలుగు చూసింది. దాన్ని నడిపేది ఎక్కడో తెలుసా? బెంగళూరు దగ్గరి హోసకోటె నుంచి, ఉపగ్రహం ద్వారా! కొండ దిగువన మరో వింత కనిపిస్తుంది. 21 మీటర్ల వెడల్పున, వందలాది అద్దాలతో నిలబడ్డ మేస్ టెలిస్కోపు. అంతరిక్షంలోంచి వచ్చే గామా కిరణాల జాడ పట్టేది. భాభా అణు పరిశోధన కేంద్రం దీన్ని నిర్మించింది. తయారీలో మన హైదరాబాద్ ఈసీఐఎల్ చెయ్యుంది. 2024 అక్టోబరులో ప్రారంభమైంది. ‘‘మనకన్నా ముందే మనవాళ్లు పెద్దద్దం తెచ్చేశారు’’ అన్నాడు మావాడు.

నల్ల పరదాల ఊరు

హాన్లే అంటే ఒక ఊరు కాదు. భోక్, పుంగుక్, ఖుల్దో, నాగా లాంటి చిన్న పల్లెల గుంపు. మేం దిగిన ఇంటి యజమానురాలికి అరవై దాటి ఉంటాయి. అందరూ ఆమెని ‘అమలే’ అంటారు. మన ‘అమ్మగారూ’ లాంటి పిలుపు. ‘జూలే’ అని పలకరించి ఉప్పువేసిన వెన్న టీ ఇచ్చింది. చీకటి పడుతుండగా ఆమె చేసిన మొదటి పని దీపం పెట్టడం కాదు, కిటికీలకి మందపాటి నల్ల పరదాలు లాగడం. ఆ తర్వాతే దీపం వెలిగించింది.

2022 డిసెంబరులో లద్దాఖ్ పాలనా యంత్రాంగం హాన్లే చుట్టూ 1,073 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. దేశంలో ఇలాంటిది ఇదే మొదటిది. దీపాలకి మూతలు, కిటికీలకి పరదాలు, రాత్రిపూట బళ్లు దీపాలు దించుకుని నడపడం... ఇవన్నీ అందులో భాగం. మరి ఊరివాళ్లకేంటి లాభం? ఆ ప్రశ్నకీ ముందే జవాబు ఆలోచించారు. ఇరవైమందికి పైగా స్థానిక యువతీయువకులకి ఖగోళ పాఠాలు నేర్పి, ఎనిమిదంగుళాల టెలిస్కోపులు ఇచ్చారు. వాళ్లు యాత్రికులకి చుక్కలు చూపిస్తారు. ఇళ్లలో బస ఇస్తారు. పంటలు అంతంతమాత్రంగా పండే ఆ ఎత్తులో చీకటే వాళ్లకి ఆదాయం తెచ్చిపెడుతోంది.

మొదటి రాత్రి... సున్నా!

భోజనాలయ్యాక పెరట్లోకి అడుగుపెట్టాం. పరదా మూసుకుంది. అంతే... పక్కనున్న మనిషి కనిపించడం మానేశాడు. మెల్లమెల్లగా కళ్లు అలవాటుపడ్డాక తలెత్తితే, నోట మాట రాలేదు. నడినెత్తి మీంచి పడమటి కొండదాకా పాలపుంత పరుచుకుని ఉంది. చుక్కలు ఎక్కడో పైన కాదు, కొండ అంచుదాకా దిగిపోయి ఉన్నాయి. తూర్పున పిల్లలకోడి... అదే, కృత్తికల గుంపు. మా అమ్మమ్మ వాకిట్లో మంచం మీద పడుకుని చూపించిన గుంపు. పట్నం వచ్చాక దాన్ని సరిగా చూసిన గుర్తే లేదు నాకు.

ఇక పని. టెలిస్కోపు స్టాండుని ధ్రువనక్షత్రం వైపు వాల్చాలి. అప్పుడే భూమి తిరుగుడుకి తగ్గట్టు మోటారు దాన్ని తిప్పుతుంది. మోటారు లేకపోతే? మా కెమెరాలో చుక్క ఒక్క సెకనులో 16 చుక్కగళ్లు జరిగిపోతుంది, బొమ్మంతా గీతలే. హైదరాబాద్‌లో ధ్రువుడు 17 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. హాన్లేలో దాదాపు 33. ఎవరి ఊరి అక్షాంశం ఎంతో వాళ్ల ధ్రువుడి ఎత్తూ అంతే కదా! స్టాండు వెనకున్న మరని 17 నుంచి 33కి తిప్పాలి. చలి మైనస్ 9. చేతితొడుగు తీస్తే వేళ్లు కొరుక్కుపోతున్నాయి. మర బిగుసుకుపోయింది. అది తిరిగేసరికి అరగంట.

తర్వాత గొట్టంలోకి చూస్తే గారె మళ్లీ ప్రత్యక్షం. ఈసారి చిల్లు మధ్యలో లేదు, ఒక పక్కకి జరిగింది! అంటే జీపు కుదుపులకి అద్దాల వరుస తప్పింది. అడుగునున్న మూడు మరలని కొంచెం కొంచెం తిప్పుతూ చిల్లుని నడిమధ్యకి తెచ్చాడు మావాడు. ఇంతలో మరో తంటా. కెమెరా చూపించే చుక్కల్ని బట్టి టెలిస్కోపు ఎటు చూస్తోందో చెప్పే కార్యక్రమం ల్యాప్‌టాప్‌లో ఉంది గానీ, దానికి కావాల్సిన చుక్కల పట్టికని ముందుగా దించుకోలేదు. ఇంట్లో ఇంటర్నెట్ ఉంది కాబట్టి అవసరం తెలియలేదు. పెరట్లో అదీ లేదు. ఒక డిగ్రీ కిటికీలోంచి అంత ఆకాశాన్ని గుడ్డిగా వెతకడమే. రెండింటికి ల్యాప్‌టాప్ బ్యాటరీ చలికి చచ్చిపోయింది. ఆ రాత్రి మేం తీసిన ఫొటోలు ఎన్నో తెలుసా? ఒక్కటీ లేదు.

గొల్లకావడి కింద

మర్నాడు పగలంతా సరిచేసుకోవడమే. చిన్న వెతుకుడు గొట్టాన్నీ పెద్ద గొట్టాన్నీ దూరాన బౌద్ధారామం జెండా మీద కలిపి ఒకే చోటికి తెచ్చాం. బ్యాటరీలకి ఉన్ని మేజోళ్లు తొడిగాం. ల్యాప్‌టాప్‌ని అట్టపెట్టెలో పెట్టి, తెరకి ఎర్రకాగితం అంటించాం. పొద్దు గుంకగానే టెలిస్కోపు బయట పెట్టేశాం. అద్దం బయటి చలికి చల్లబడాలి, లేకపోతే గొట్టంలో వేడిగాలి లేచి బొమ్మ వణుకుతుంది.

పక్కింటి అమ్మాయి వచ్చింది. ఆ శిక్షణ పొందినవాళ్లలో ఒకతి. పట్టికలు, యాప్‌లు ఏమీ లేకుండా రెండు చుక్కల మీంచి వేలితో గీత గీసి ‘‘అదిగో, అక్కడ’’ అంది. గురిపెట్టాం. ఆండ్రోమెడా గెలాక్సీ! నడినెత్తికి చేరువలో ఉంది. అక్కడి నుంచి వెలుతురు బయల్దేరి 25 లక్షల సంవత్సరాలైంది. మూడు డిగ్రీల పొడవున్న గెలాక్సీలో మా కిటికీకి పట్టింది నడిబొడ్డు మాత్రమే. అయినా 20 సెకన్ల మొదటి ఫొటోలోనే దాని చుట్టూ నల్లటి ధూళిచార కనిపించింది.

నాకొక సంగతి వింతగా తోచింది. ఆ ఎత్తులో ప్రాణవాయువు తక్కువ. దానివల్ల చీకట్లో మన చూపు కొంత మందగిస్తుంది. ప్రపంచంలోని మంచి ఆకాశాల్లో ఒకదాని కింద నిలబడ్డా మన కళ్లు పూర్తిగా పనిచేయవన్నమాట. కెమెరాకి ఆ బాధ లేదు. దానికి ఊపిరి అక్కర్లేదు. చలి అయితే మరీ మేలు. సెన్సర్ వేడెక్కితే బొమ్మలో ఇసుక చల్లినట్టు మచ్చలు పుడతాయి. మన ఎండాకాలపు డాబా మీద అదో పెద్ద బెడద. హాన్లే చలి ఆ బెడదని ఉచితంగా తీర్చేసింది.

అర్ధరాత్రి దాటాక గొల్లకావడి తూర్పు కొండ మీంచి బాగా పైకొచ్చింది. ఆ మూడు చుక్కల వరుస కింద వేలాడేదే ఒరాయన్ నీహారిక. కొత్త చుక్కలు పుట్టే చోటు. 1,350 కాంతి సంవత్సరాల దూరం. అంటే వేంగిలో తూర్పు చాళుక్యులు ఏలుతున్న రోజుల్లో బయల్దేరిన వెలుతురు ఆ రాత్రి మా చిన్న గొట్టంలోకి దిగింది. ఒక్కోటి 20 సెకన్ల చొప్పున 180 ఫొటోలు, మొత్తం గంట. మధ్యభాగం మరీ వెలుగు కాబట్టి దానికోసం రెండు సెకన్లవి మరికొన్ని. చివర్లో గొట్టానికి మూత పెట్టి ఉత్త చీకటి ఫొటోలు కొన్ని. సెన్సర్ సొంత మచ్చల్ని తీసేయడానికి అవి కావాలి.

ఒక్క ఫొటో చూస్తే గరగరగా ఉంటుంది. వాటిని ఒకదానిమీద ఒకటి పేర్చితే? నాలుగు పేర్చితే గరుకు సగానికి తగ్గుతుంది. వంద పేర్చితే పదోవంతు. ఎర్రకాగితం పక్కకి తీసి, తెరని గొంగడి కింద దాచి చూశాం. ఒక్కో ఫొటో చేరుతున్నకొద్దీ పొగమంచులోంచి రథం వచ్చినట్టు వచ్చింది నీహారిక. రెక్కలు చాచిన గులాబీరంగు పక్షి. దాని గుండెలో నాలుగు చుక్కలు.

ఇంతలో అమలే లేచొచ్చింది. ఎవరి టెలిస్కోపులోనూ తనకి సరిగా కనిపించదని పొద్దున చెప్పింది. కళ్లకి శుక్లాలట. వంగి కన్ను పెట్టాలంటే నడుమూ సహకరించదు. గొంగడి పైకెత్తి తెర చూపించాం. మాట్లాడకుండా చాలాసేపు చూసింది. ‘‘ఇది మా ఇంటి మీద ఉందా?’’ అని అడిగింది ఆ అమ్మాయిని. ఉందని చెప్పగానే తెర వదిలి ఆకాశం వైపు తిరిగి నిలబడింది. కనిపిస్తుందో లేదో గానీ.

అయిదంగుళాల అద్దానికి అంత ప్రయాణమా అన్న నా అనుమానం అప్పుడే తీరిపోయింది.

రెండు ఫొటోలు

ఇంటికొచ్చాక మావాడు రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టాడు. అదే అద్దం, అదే కెమెరా, అదే 20 సెకన్లు. ఒకటి వనస్థలిపురంలో తీసింది, రెండోది హాన్లేలో. ఒకటి నారింజరంగు గోడ. రెండోది నల్లటి పలక మీద ముగ్గు. దీనికో లెక్కుంది. ఆకాశం 25 రెట్లు వెలుగుగా ఉంటే, అలాంటి మసక ఫొటోనే రాబట్టడానికి 25 రెట్లు ఎక్కువసేపు వెలుతురు పట్టాలి. అంటే హాన్లేలో ఒక గంట పని పట్నంలో 25 గంటలు. రాత్రికి ఆరుగంటలు కూర్చున్నా నాలుగు రాత్రులు దాటుతుంది. ఇంకా పెద్ద టెలిస్కోపు కొన్నా, ఇంకా ఖరీదైన కెమెరా పెట్టినా పట్నపు వెలుగు దాంతోపాటే వచ్చి చేరుతుంది. కెమెరాకి పక్షపాతం లేదు. నీహారిక వెలుతురునెంత శ్రద్ధగా పట్టుకుంటుందో హోర్డింగు వెలుతురునీ అంతే శ్రద్ధగా పట్టుకుంటుంది.

అందరం హాన్లే వెళ్లలేం. వెళ్లక్కర్లేదు కూడా. పైకి పారేసే వెలుతురుని కిందికి దించితే చాలు. దీపానికి చిన్న మూత, అవసరమున్నంతే కాంతి, తెల్లటి దీపం బదులు కాస్త పసుపు దీపం. కరెంటు బిల్లూ తగ్గుతుంది. రంగాపూర్ దగ్గర ఈమాత్రం జాగ్రత్త ముందే తీసుకుని ఉంటే ఎలా ఉండేదో!

అమలేకి ఆ ఫొటో పెద్దది అచ్చువేయించి పోస్టులో పంపాం. వంటింట్లో పొయ్యి పైన తగిలించిందని ఆ అమ్మాయి కబురు పెట్టింది. ఇంకో ప్రతి పిన్నిగారికిచ్చాం. రెండు ఫొటోలూ చూసి, ‘‘ఆ ఎర్రగా ఉన్నది నా దీపమేనా?’’ అన్నారు నొచ్చుకుంటూ. ‘‘మీదొక్కటే కాదులెండి’’ అన్నాడు మావాడు. దీపమైతే ఆవిడ ఆర్పలేదు. దొంగల భయం దొంగల భయమే. కానీ పాత నూనెడబ్బా కోయించి దీపానికి టోపీలా బిగించారు. ఆకాశం ఇంకా నారింజరంగే. కాకపోతే మావాడికి ఇప్పుడు నీళ్లట్యాంకు నీడలో నిలబడక్కర్లేదు.

మీరూ వెళ్లాలంటే

* హైదరాబాద్ నుంచి ఢిల్లీ మీదుగా లేహ్‌కి విమానంలో వెళ్లొచ్చు. లేహ్ నుంచి హాన్లేకు జీపులో ఏడెనిమిది గంటలు. సరిహద్దు ప్రాంతం కాబట్టి అనుమతి పత్రాల సంగతి లేహ్‌లో ముందే కనుక్కోవాలి.

* లేహ్‌లో కనీసం రెండ్రోజులు ఆగాలి. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లు డాక్టర్ సలహా లేకుండా బయల్దేరొద్దు.

* అమావాస్యకి అటూ ఇటూ నాలుగైదు రోజులు మంచివి. అక్టోబరులో ఆకాశం తేటగా ఉంటుంది, చలి మాత్రం గట్టిగానే.

* తెల్లటి టార్చి వాడొద్దు. ఎర్రకాగితం చుట్టిన చిన్న టార్చి చాలు.

* టెలిస్కోపు తీసుకెళ్తే అద్దాల వరుస సరిచేసుకోవడం ముందే నేర్చుకోవాలి. చుక్కల పటాలు, పట్టికలు ఇంట్లోనే దించుకోవాలి.

* పాతరకం తిరిగే హార్డ్‌డిస్కులు చాలావరకూ 3,000 మీటర్ల ఎత్తు దాకానే పనికొస్తాయి. ఎస్‌ఎస్‌డీ ఉన్న ల్యాప్‌టాప్ తీసుకెళ్లడం మేలు.

* లిథియం పవర్‌బ్యాంకులు విమానంలో చేతిసంచిలోనే ఉండాలి. 100 వాట్ అవర్లు దాటితే విమాన సంస్థ అనుమతి అవసరం.

* టెలిస్కోపు లేకపోయినా ఫర్వాలేదు. అక్కడివాళ్ల దగ్గరున్నాయి. వెళ్లి, తలెత్తి చూడ్డమే.